జింకు లేని గది

పసుపు మరెక్కడైనా శుభమేమో గానీ ఆ గదిలో మాత్రం కాదు. నోరీన్ ట్రెగియర్ చేతిలోని ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు ముందు నిమ్మరసం రంగుకి తిరిగి, అరనిమిషంలో నిండుగా పసుపెక్కి కూర్చున్నాయి. ఎక్కకూడదు. తేటగా, చచ్చినట్టు పడి ఉండాలి. ఇలా జరగడం ఇది మూడోసారి.

గొట్టంలో ఉన్నది ఆవు రక్తంలోంచి తీసిన ఎంజైము. ఒంట్లో పుట్టిన బొగ్గుపులుసు గాలిని రక్తంలో కరిగించి, ఊపిరితిత్తుల దాకా చేర్చడంలో చెయ్యి వేసేది అదే. దాని ఒక్కో అణువు నడుమ చిన్న గుంట ఉంటుంది. గుంటలో ఒకే ఒక్క జింకు అయాను. ఎంజైము గొలుసులో ఒక్కో స్థానం సంఖ్యతో గుర్తుపట్టే హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు మూడు, మూడు వైపుల నుంచి దాన్ని పట్టుకుని ఉంటాయి. జింకు ఉన్నంతసేపూ ఆ ఎంజైమంత పనిమంతురాలు లేదు, జింకు తీసేస్తే దానంత సోమరీ లేదు.

అందరూ లోసా అని పిలిచే లోసలీన్ అనే పరిశోధక విద్యార్థినికి కావలసింది ఆ జింకుని మెల్లగా బయటికి రప్పించి, ఖాళీ అయిన గుంటలో కోబాల్టుని కూర్చోబెట్టడం. జింకుకి రంగూ రుచీ లేదు, లోపల ఏం చేస్తుందో ఎవరికీ చూపించదు. కోబాల్టు అలా కాదు, కూర్చున్న చోట నీలంగా మెరిసి గుంటలోని గుట్టంతా బయటపెడుతుంది. చిక్కల్లా ఒకటే. ఆ గుంటకి కోబాల్టు మీద కంటే జింకు మీదే వేల రెట్లు మోజు. చుట్టుపక్కల ఎక్కడ జింకు నలుసు కనపడినా లోపలికి లాగేసుకుని, వెంటనే పని మొదలుపెడుతుంది. పని మొదలుపెట్టిందనడానికి గుర్తే, గొట్టంలోని పరీక్ష మందు తిరిగే ఆ పసుపు.

మరి జింకు లేనిదెక్కడ? కొళాయిలో ఉంది, దుమ్ములో ఉంది, రబ్బరు మూతలో ఉంది, చుండ్రు పోవడానికి రాసుకునే షాంపూలో ఉంది, మనిషి చెమటలో ఉంది. అందుకే బెరింగా హెడ్ అనే ఆ ఊళ్ళోని పరిశోధనశాలలో జింకు లేని గది ఒకటి కట్టారు. అందులో గాజు లేదు, ఇనుప మేకు లేదు. ప్రతి ప్లాస్టిక్ సీసానీ యాసిడ్‌లో నానబెట్టి, ఏడుసార్లు కడిగి గానీ లోపలికి రానివ్వరు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ గదిని కంటికి రెప్పలా చూసుకుంటున్న మనిషి నోరీన్. ఆమె తయారుచేసే నీళ్ళ కోసం సిడ్నీ నుంచి కూడా సీసాలు పట్టుకుని వచ్చేవారు.

"మళ్ళీనా ఆంటీ?" అంది లోసా గుమ్మంలోంచి.

"మళ్ళీనే. కళ్ళ ముందే ఎక్కింది, చూడు."

లోసా భారీ మనిషి. టోంగా నుంచి వచ్చిన కుటుంబం. ఆదివారం చర్చిలో పాడిన పాటనే వారమంతా కూనిరాగం తీస్తూ తిరుగుతుంది. ఆ పాట ఇప్పుడు ఆగిపోయింది. మెల్బోర్న్‌లో పెద్ద యంత్రం మీద ఆమెకి మూడు రోజులు కేటాయించారు. ఎంజైముని సన్నటి పొర సంచిలో పోసి, జింకుని లాగే మందు కలిపిన తొట్టిలో తేలేస్తారు, జింకు పొర దాటి బయటికి వస్తుంది. అలా ఒక సంచి ఎంజైములోంచి జింకు తీయడానికి తొమ్మిది రోజులు పడుతుంది. మొత్తం నాలుగు సంచుల సరుకు ఉంటే మూడు పాడయ్యాయి. లెక్క చూస్తే ఆఖరి సంచికి మాత్రమే వేళ ఉంది.

"తల్లీ, ఒకటి చెప్తా, ఎవరితోనూ అనకు," అంది నోరీన్. "నా చేతులు అయిపోయినట్టున్నాయి."

"చేతులకేం? నా పెళ్ళికి కేకు చెయ్యాల్సిన చేతులవి."

"పెళ్ళికొడుకేడీ?"

"వస్తాడు లెండి. ముందు కోబాల్టు రానివ్వండి."

నోరీన్ నవ్వింది గానీ నవ్వు లోపలికి దిగలేదు. వాళ్ళమ్మకి మతిమరుపు జబ్బు అరవై నాలుగో ఏట మొదలైంది. ఒకరోజు కెటిల్ తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టింది. ఆ తర్వాత ఏడాదికి కూతురి పేరు మర్చిపోయింది. నోరీన్‌కి ఇప్పుడు అరవై మూడు. మూడు సంచులు వరసగా పాడైతే ఏ బుద్ధిమంతురాలైనా ఏమనుకుంటుంది? ఏదో ఒకసారి కడగడం మర్చిపోతున్నాను, మర్చిపోయానన్న సంగతి కూడా మర్చిపోతున్నాను అనుకుంది. నాలుగో సంచి కూడా పసుపెక్కితే తాళంచెవి అప్పగించి ఇంటికి పోదామని తీర్మానించుకుంది. ఆ మాట కూడా లోసాకి చెప్పింది. లోసా ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, ఊపిరి ఆడనంత గట్టిగా పట్టుకుంది.

గోడ మీది ప్లాస్టిక్ గడియారం పది కొట్టే వేళకి డెస్మండ్ ఆర్మరాడ్ వచ్చాడు. రోజూ పదింటికే వస్తాడు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, ఆ గది కట్టించినవాడు, రిటైరై పధ్నాలుగేళ్ళైనా ఆ గుమ్మం వదలనివాడు. రెండేళ్ళ కింద భార్య ఏవిస్ పోయింది. మొన్న చలికాలంలో ముక్కు మీద కాన్సర్ మచ్చ వస్తే కోసి తీసేశారు. చేతులు మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కుని, తలకి గుడ్డ కట్టుకుని, కోటు తొడుక్కుని పద్ధతిగానే లోపలికి వస్తాడు. మూతికి కట్టుకున్న మాస్కు ఒక్కటే కిందికి లాగేస్తాడు, మాట్లాడకపోతే ఆయనకి పొద్దు పోదు మరి.

"ఎలా ఉన్నారే మనవాళ్ళు?" అని తొట్టి మూత ఎత్తి, అందులో తేలే సంచిని వంగి చూశాడు. "జింకు గుంట ఖాళీ చేసిందా, ఇంకా ఇంటివాళ్ళతో దెబ్బలాడుతోందా?"

"ఖాళీ చేసినట్టే చేసి మళ్ళీ వస్తోంది, డెస్."

"ఓపిక పట్టు నోరీ. దానికి అంతకంటే మంచి ఇల్లు దొరకదు కదా, పాపం." ఆలోచనలో పడ్డప్పుడల్లా ముక్కు రాసుకోవడం ఆయనకి అలవాటు. ఇప్పుడూ రాసుకుంటూ లోసా వైపు తిరిగాడు. "ఏం ప్రిసిల్లా, నువ్వేమంటావు?"

ప్రిసిల్లా పాతికేళ్ళ కిందటి విద్యార్థిని. లోసా ఒక్క క్షణం కూడా తడబడలేదు. "నేనూ అదే అంటా సార్," అంది. ఆయన వెళ్ళాక ఇద్దరూ నవ్వుకున్నారు. తనకి వచ్చిందేమోనని భయపడ్డ మతిమరుపే ఆయన దగ్గరికి వచ్చేసరికి నోరీన్‌కి ముద్దుగా కనపడింది.

నాలుగో సంచి తొట్టిలో వేయకముందు వాళ్ళిద్దరూ గదినంతా గాలించారు. నీళ్ళు పరీక్షించారు, శుభ్రం. సీసాలు శుభ్రం. సంచి గుడ్డ, చేతి తొడుగులు, ఉప్పులు అన్నీ శుభ్రం. దోషం దేనిలోనూ లేదని తేలేకొద్దీ నోరీన్ మొహం వాడిపోతూ వచ్చింది. అన్నీ బాగుంటే ఇక మిగిలింది తనే కదా.

"ఆంటీ, ఈ దొంగ లోపల కాపురం ఉండేవాడు కాదు. వచ్చిపోయేవాడు," అంది లోసా. "గంటకో గిన్నె పెడదాం."

మీ నీళ్ళతో నింపిన ప్లాస్టిక్ గిన్నె తొట్టి పక్కన మూత లేకుండా పెడదాం, గంట తిరగ్గానే దాన్ని మూసేసి ఇంకోటి పెడదాం, సాయంత్రం అన్నిట్లోనూ జింకు కొలుద్దాం అంది. మూడు రోజులు అలాగే చేశారు. మూడో రోజు సాయంత్రం లోసా కాగితం చేత్తో పట్టుకుని వచ్చి, దాన్ని బల్ల మీద పెట్టి, ఒక అంకె కింద వేలు పెట్టింది. పది నుంచి పదకొండు. మూడు రోజులూ ఆ గంట గిన్నెలో మాత్రమే జింకు ఉంది. తొట్టి మూత పిడి తుడిచి చూస్తే దాని మీద ఇంకా ఎక్కువ ఉంది.

"పదింటికి మీరేం చేస్తారు ఆంటీ?"

"నేనా? పదింటికి నేను తొట్టి ముట్టుకోనే ముట్టుకోను. పదింటికి డెస్..."

అక్కడికి ఆగిపోయింది. తలుపుకి ఎదురుగా లోపలి గోడకి బిగించిన పాత ప్లాస్టిక్ పలక మీదికి చూపు పోయింది. ఆ గది నియమాలు పది రాసి ఉన్నాయక్కడ. సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు కాబట్టి మొట్టమొదటిది ఇదీ: ఎండకు జింకు క్రీము రాసుకున్నవారు ఈ గుమ్మం దాటరాదు. నోరీన్ ఆ పలకని చూసి చూసి అలవాటైపోయింది. జింకు క్రీము అంటే ఆమెకి తెలిసింది క్రికెట్ ఆడే కుర్రాళ్ళ ముక్కుల మీద సున్నం పూసినట్టు తెల్లగా కనపడేదే. ఇప్పుడు ఒంటి రంగులో కలిసిపోయేవి వచ్చాయని తెలుసు గానీ, డెస్ ముక్కు మీది కోత అంత చక్కగా మానిందంటే అది డాక్టర్ల పనితనమే అనుకుంది. కాన్సర్ కోసినవాడికి రోజూ క్రీము రాసుకోమని చెప్పరూ? చెప్తారు. ఆయన రాసుకుంటాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ముక్కు రాసుకుంటాడు, అదే చేత్తో మూత ఎత్తుతాడు, వంగి చూస్తాడు.

ముందు ఆమెకి సంతోషం కలిగింది. అబద్ధమెందుకు, అంత సంతోషం చాలా ఏళ్ళలో ఎరగదు. నా చేతులు బాగున్నాయి, నా బుర్ర బాగుంది అని కుర్చీలో కూలబడి నవ్వింది. తర్వాత రెండు నిమిషాలకి నవ్వు ఆగి, లేచి ఆ పలక దగ్గరికి వెళ్ళింది. ఆ పలక మీది రాత డెస్‌ది. ఆ నియమం పెట్టింది ఆయనే. ముక్కు మీద తెల్లటి గీత కనపడితే ఎంతటివాణ్ణైనా గుమ్మంలోంచే తరిమినవాడు. ఆయన మర్చిపోయింది ముఖం కడుక్కోవడం కాదు, ఆ నియమాన్నే మర్చిపోయాడు.

గది తలుపుకి బయటివైపు దారంతో ఒక పుస్తకం వేలాడుతూ ఉంటుంది, పక్కనే పెన్సిలు. పాపాల పుస్తకం అంటారు దాన్ని. గదిలోకి లోహం తెచ్చి ఎవరి ప్రయోగమైనా చెడగొట్టినవాళ్ళు తమ చేత్తో తమ తప్పు అందులో రాసుకోవాలి. చెరపకూడదు, దాచకూడదు, ఇంకొకరు ఎగతాళి చేయకూడదు. ‘పెళ్ళి ఉంగరం తీయలేదు, పెళ్ళి మొన్ననే అయింది.’ ‘చుండ్రు షాంపూ, క్షమించాలి.’ ‘జలుబుకి జింకు బిళ్ళ చప్పరిస్తూ వచ్చాను.’ ఇలాంటివి నలభై పేజీలు. నోరీన్ పేరు అందులో ఒక్కసారీ లేదు. డెస్ పేరూ లేదు.

నోరీన్ పెన్సిలు తీసుకుని రాసింది: ‘మూడు సంచులు. చేతి క్రీము. ఎన్. ట్రెగియర్.’

"అదేంటి ఆంటీ!" లోసాకి ముక్కు మీదికి కోపం వచ్చింది. "ఆ పుస్తకంలో అబద్ధం రాయకూడదని నాకు మొదటిరోజే చెప్పింది మీరు."

"చెప్పాను. ఇప్పుడు నోర్మూసుకోమని కూడా చెప్తున్నా."

"ఆయనకి చెప్తే ఏమవుతుంది?"

"రేపట్నుంచి రాడు. ఇక్కడికి రాకపోతే ఎక్కడికి పోతాడే? ఆ ఇంట్లో ఒక్కడూ కూర్చుని గోడలు చూస్తాడా?"

లోసా మూతి ముడుచుకుంది. తొట్టీ మూతా మళ్ళీ కడిగి నాలుగో సంచి వేశారు. పదింటికి డెస్ వస్తే నోరీన్ తలుపు సందులోంచి తల పెట్టి, నేల బాగు చేస్తున్నారు, తొమ్మిది రోజులు ఎవరినీ రానివ్వకూడదట అని చెప్పింది. "అలాగా, అలాగే," అని ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. మర్నాడు పదింటికి మళ్ళీ వచ్చాడు. నిన్నటి మాట ఏదీ గుర్తున్నట్టు లేదు. నేల బాగు చేస్తున్నారని మళ్ళీ చెప్పింది. "అలాగా, అలాగే." మూడో రోజూ అంతే. ఆ మూడో రోజు తలుపు మూసుకుని నోరీన్ కళ్ళు తుడుచుకోవడం చూసి లోసా గట్టిగా ఏదో పాట ఎత్తుకుంది.

అయిదో రోజు ఆయన వెంటనే వెళ్ళలేదు. మూసిన తలుపు ముందు నిలబడ్డవాడికి చదువుకోవడానికి అక్కడ ఉన్నది ఒకటే. తలుపు పైభాగంలోని ప్లాస్టిక్ కిటికీలోంచి నోరీన్‌కి ఆయన వంచిన తల కనపడింది. కాసేపటికి తలుపు మీద వేళ్ళతో తట్టాడు.

నోరీన్ వరండాలోకి వచ్చింది.

"చేతి క్రీమా?" అన్నాడు డెస్.

"అవును. పొరపాటైపోయింది."

"ప్రతి క్రిస్మస్‌కీ ఏవిస్ నీకో చేతి క్రీము సీసా ఇచ్చేది. ప్రతి జనవరిలోనూ దాన్ని నువ్వు మా పక్కింటావిడకి ఇచ్చేసేదానివి."

"మీకు తెలుసా?"

"ఏవిస్‌కీ తెలుసు. ఇవ్వడం తనకి సరదా, అంతే." పుస్తకం వదిలేశాడు. "నీ చేతులు ఇసుక కాగితంలా ఉంటాయి నోరీ. వాటికి క్రీము అంటించిందెవరు?"

ఆయన ముక్కు మీదికి చెయ్యి పోయింది. రాసుకున్నాడు. వేలు కళ్ళ ముందుకి తెచ్చుకుని, తలుపు కిటికీలోంచి లోపలి గోడ మీది పలక చూసి, మళ్ళీ వేలు చూసుకున్నాడు. ఎన్నో ఏళ్ళు ఎందరి లెక్కల్లోనో తప్పులు పట్టిన మనిషి, తన తప్పు పట్టుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

"అది నా రాతే కదూ?"

"మీ రాతే."

"రోజూ దాని ముందునుంచే వచ్చాను."

నోరీన్ తల వంచుకుంది.

"మూడు సంచులూ నేనేనా?"

"మీరే, డెస్."

"నువ్వేమనుకున్నావు ఇన్నాళ్ళూ?"

ఇక ఆయన ముందు అబద్ధం చెప్పడం ఆమె వల్ల కాలేదు. "మా అమ్మ జబ్బు నాకొచ్చిందనుకున్నా," అంది.

డెస్ ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. "నీక్కాదు నోరీ. నాకు," అన్నాడు. "ఏప్రిల్‌లోనే చెప్పారు డాక్టర్లు. నీకు చెప్పడానికి సిగ్గేసింది. పొద్దున లేచి సొరుగు లాగుతానా, ఎందుకు లాగానో తెలీదు. ఇంట్లో ఏదీ నాకు తెలిసినట్టుండదు. ఇక్కడికొస్తే మాత్రం అన్నీ గుర్తుంటాయి. అందుకే వచ్చేవాణ్ణి."

నోరీన్ ఏడ్చింది. వరండాలో అటూ ఇటూ మనుషులు తిరుగుతున్నా సరే, చిన్నపిల్లలా ఏడ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన్ని ఎన్నోసార్లు తిట్టుకుంది, ఎన్నోసార్లు నవ్వుకుంది. ఆ మనిషి తనకి తండ్రి లెక్క అని ఆ పూట తెలిసింది. డెస్ పెన్సిలు అందుకుని ఆమె పేరు మీద గీత కొట్టి, తన పేరు రాశాడు. ఇక రానని చెప్పి వెళ్ళాడు. మర్నాడు పదింటికి నిజంగానే రాలేదు.

తొమ్మిదో రోజు పొద్దున లోసా గొట్టంలో మందు పోసి, నాలుగో సంచిలోంచి ఒక్క చుక్క వేసింది. ఇద్దరూ గడియారం చూస్తూ నిలబడ్డారు. అరనిమిషం. నిమిషం. అయిదు నిమిషాలు. పది. గొట్టం కొండవాగు నీళ్ళలా తేటగా ఉంది. లోసా చేతులెత్తి దేవుడికి దణ్ణం పెట్టి, కోబాల్టు సీసా తీసింది.

"ఆగు," అంది నోరీన్.

"ఎందుకాగాలి? సాయంత్రం నాకు విమానం ఉంది!"

"ఒక్క గంట ఆగు. చచ్చిపోవులే."

కారు వేసుకుని డెస్ ఇంటికి వెళ్ళింది. ఆయన వంటింటి బల్ల దగ్గర రొట్టె ముక్క ముందు పెట్టుకుని, తినాలో వద్దో తెలియనట్టు కూర్చుని ఉన్నాడు.

"నేను రాను నోరీ. ఆ పిల్ల పని మళ్ళీ చెడగొడతాను."

"ఆ గది మీరు కట్టించారు, ఒప్పుకుంటా. కానీ ముప్పై ఒక్క ఏళ్ళుగా అది నాది. ఎవరు రావాలో నేను చెప్తా. లేవండి."

గది బయట చేతులు కడుక్కునే తొట్టి దగ్గర ఆయన్ని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టింది. తువ్వాలు మెడ చుట్టూ కట్టింది. సబ్బు నురగ చేసి ఆ ముసలి ముఖం తనే కడిగింది. నుదురు, చెవుల వెనక, ముక్కు మీద కోసిన చోట. నొప్పి పుడుతుందేమోనని అక్కడ మాత్రం వేలి కొసతో మెల్లిగా రాసింది. ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు కడిగింది, ఆ గది పద్ధతి ప్రకారమే. ఆఖరున తన నీళ్ళు ఒక సీసాడు పోసి తుడిచింది. సిడ్నీవాళ్ళకి కూడా కొలిచి ఇచ్చే ఆ నీళ్ళని అలా ధారపోయడం చూసి లోసా నోరు తెరిచింది. తలకి గుడ్డ, చేతులకి తొడుగులు, ముక్కు మీదికి మాస్కు, దాని మీద ఇంకో మాస్కు. కళ్ళు తప్ప ఏమీ కనపడని డెస్‌ని గదిలోకి నడిపించి, తొట్టికి దూరంగా కూర్చోబెట్టింది.

లోసా గులాబీ రంగు కోబాల్టు చుక్కలు ఒక్కొక్కటే సీసాలోకి వదిలింది. మొదట ఏమీ కాలేదు. కాసేపటికి గులాబీ పోయి, సీసా అడుగు నుంచి నీలం తేరింది. పొద్దున్నే సముద్రం అంచు మీద కనపడే లేత నీలం.

"పట్టేసింది," అన్నాడు డెస్ మాస్కుల వెనకనుంచి. లేవబోయి, మళ్ళీ తనంతట తనే కూర్చుండిపోయాడు. "తొంభై నాలుగు, తొంభై ఆరు, నూట పంతొమ్మిది. మూడు హిస్టిడిన్లూ పట్టేశాయి. చూశావా ప్రిసిల్లా?"

"చూశాను సార్," అంది లోసా.

బయటికి వచ్చాక నోరీన్ ఆయన తల గుడ్డ విప్పుతుంటే ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఇవాళ్టికి చాలు నోరీ. రేపట్నుంచి నీకీ శ్రమ పెట్టను. పదింటికి ఇంక రాను."

"పదింటికి అస్సలు రాకండి," అంది నోరీన్. "తొమ్మిదిన్నరకే రండి. ముఖం కడగడానికి అరగంట పడుతుంది."